ఉబ్బసంలో వంశం వాటా ఎంత?

దక్షిణ అట్లాంటిక్ సముద్రం నడుమ ట్రిస్టన్ డ కున్హా అనే అగ్నిపర్వత ద్వీపం ఉంది. జనం ఉండే చోట్లలో దానికి అన్నిటికన్నా దగ్గరిది సెయింట్ హెలీనా, అదీ 2,400 కిలోమీటర్ల దూరం. 1816లో బ్రిటిష్ సైనిక దళం ఒకటి అక్కడ దిగింది. దళం వెళ్లిపోయాక ఆగిపోయిన కొద్దిమంది, ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికులు, సెయింట్ హెలీనా నుంచి వచ్చిన ఆడవాళ్లు కలిసి ఆ ఊరిని నిలబెట్టారు. ఆ వంశాలన్నిటికీ మూలం పదిహేను మంది. చాలాకాలం ఊరు మొత్తానికి ఇంటిపేర్లు ఏడే. 1961లో అగ్నిపర్వతం పేలడంతో అందరినీ ఇంగ్లండుకు తరలించారు. అక్కడ పరీక్షించిన వైద్యులకు వింతగా తోచింది వాళ్ల ఊపిరితిత్తుల సంగతి. ఇంతమందికి ఉబ్బసం ఏమిటి? 1963లో చాలామంది తిరిగి దీవికి వెళ్లిపోయారు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1993లో, టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన నో జమెల్ బృందం వెతుక్కుంటూ అక్కడికే వెళ్లి దాదాపు ఊరందరినీ పరీక్షించింది. సగం మందికి పైగా ఉబ్బసం లక్షణాలు ఎంతో కొంత కనిపించాయి.

జన్యు శాస్త్రజ్ఞుడికి ఇంతకన్నా ఏం కావాలి? కొద్దిమంది పూర్వీకులు, బయటి రక్తం కలవని జనం, చేతికందే వంశవృక్షం. ఉబ్బసం జన్యువు ఇక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదనుకున్నారు. మందుల కంపెనీలు డబ్బు పెట్టాయి. 11వ క్రోమోజోమ్ మీద ఒక చోటును గుర్తించినట్టు ప్రకటనలూ వచ్చాయి. ఆశించిన మందు మాత్రం రాలేదు. ఉబ్బసం జన్యువు అనేది ఏకవచనంలో ఎక్కడా లేదని ఒప్పుకోవడానికి ఈ రంగానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. ఆ తర్వాత తెలిసిన విషయాలే అసలు ఆసక్తికరమైనవి.

ఉబ్బసం ఇళ్లలో పారంపర్యంగా వస్తుందన్న అనుమానం పాతదే. దాన్ని లెక్కగట్టినవాళ్లలో ముందువరుసలో ఉన్నవారు న్యూయార్క్ వైద్యులు రాబర్ట్ కుక్, ఆల్బర్ట్ వాండర్ వీర్. 1916లో వాళ్లు 504 మంది ఎలర్జీ రోగుల కుటుంబ చరిత్రలు సేకరిస్తే, దాదాపు సగం మంది ఇళ్లలో అలాంటి జబ్బులే బయటపడ్డాయి. ఎలర్జీ లేనివాళ్ల ఇళ్లలో ఆ సంఖ్య ఏడింట ఒకటి. ఆ తర్వాత వందేళ్లలో ఈ లెక్కను ఎందరో తిరగేసి చూశారు, దిశ మారలేదు. తల్లికి ఉబ్బసం ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లు, తండ్రికి ఉంటే సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ. తల్లి వైపు ముల్లు కాస్త ఎక్కువ మొగ్గడానికి కారణం జన్యువులు మాత్రమే కాకపోవచ్చు, కడుపులో తొమ్మిది నెలలు గడిచిన వాతావరణం కూడా ఆమెదే కదా.

కవలల అధ్యయనాలు ఇంకో మెట్టు ఎక్కాయి. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉబ్బసం ఉంటే రెండోవారికి ఉండే అవకాశం, వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలల్లో కంటే బాగా ఎక్కువ. డెన్మార్క్, స్వీడన్ వంటి దేశాల్లో కవలల జాబితాలు ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంటాయి కాబట్టి ఈ పని అక్కడ ఎక్కువగా జరిగింది. వాటినుంచి తేలిన అనువంశికత చాలా అధ్యయనాల్లో 50 నుంచి 80 శాతం మధ్య ఉంటుంది. పత్రికల్లో ఈ సంఖ్యను చూసి బెంబేలెత్తేవాళ్లు ఉన్నారు. అనువంశికత 70 శాతం అంటే మీ ఆయాసంలో 70 శాతం నాన్నదీ, మిగతా 30 శాతం వీధిలోని దుమ్ముదీ అని కాదు. ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాల్లో జన్యువులతో వివరించగలిగేది ఎంత అన్నదే ఆ లెక్క. అందరూ ఒకే రకం గాలి పీల్చే చోట మిగిలే తేడాలు జన్యువులవే కాబట్టి ఆ సంఖ్య పెరుగుతుంది. ఒక ఇంట్లో పిడకల పొగ, పక్కింట్లో గ్యాసు పొయ్యి ఉన్న చోట తగ్గుతుంది. డెన్మార్కులో తీసిన సంఖ్యను తెచ్చి అనంతపురానికి అతికించకూడదు.

వంశపారంపర్యం అన్న మాట మన దగ్గర ఇంకో అనర్థానికీ దారితీసింది. సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి ఇన్హేలర్ వాడుతుందన్న సంగతి దాచిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ‘వాళ్ల వంశంలోనే ఆయాసం ఉందట’ అన్న ఒక్క మాటకు పెళ్లి ఆగిపోతుందని భయం. మరోవైపు, బిడ్డకు పిల్లికూతలు మొదలవగానే మేనరికం చేసుకున్నందుకే వచ్చిందని కోడలిని దెప్పేవాళ్లూ ఉన్నారు. తలసీమియాలాంటి జబ్బు విషయంలో మేనరికం మీద వేసే నింద అర్థవంతమే. అక్కడ ఒకే జన్యువు దెబ్బతిన్న ప్రతులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి కలవాలి, దగ్గరి బంధువుల్లో అది జరిగే అవకాశం ఎక్కువ. ఉబ్బసం అలాంటిది కాదు. ఇందులో వందకు పైగా జన్యు స్థానాల పాత్ర ఉంది, ఒక్కోదాని వాటా చాలా చిన్నది. మనలో ఎవరూ ముప్పు పెంచే జన్యు రూపాలేవీ లేకుండా పుట్టలేదు, ఎదురింటివాళ్లతో సహా.

ఇక జన్యువుల వేట సంగతి. మనిషి జన్యుపాఠంలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. ప్రామాణిక పాఠంతో పోల్చి చూస్తే ఒక్కో మనిషి 40, 50 లక్షల చోట్ల వేరుగా ఉంటాడు. వీటిలో ఉబ్బసానికి సంబంధించినవి ఏవి? 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో విలియం కుక్సన్, జూలియన్ హాప్కిన్ బృందం 11వ క్రోమోజోమ్ మీద ఎలర్జీ ధోరణికి ముడిపడిన చోటు ఉందని ప్రకటించింది. ఆ ఫలితం కొందరికి మళ్లీ వచ్చింది, ఇంకొందరికి రాలేదు. 1990లలో 5వ క్రోమోజోమ్ మీద ఐఎల్-4, ఐఎల్-13 వంటి రోగనిరోధక సంకేతాల జన్యువులున్న భాగం వంతు వచ్చింది. 2002లో 460 కుటుంబాలను జల్లెడ పట్టి 20వ క్రోమోజోమ్ మీద ఆడమ్33 అనే జన్యువును తేల్చారు. వీటి మధ్యలో ప్రయోగశాలకొక జన్యువు చొప్పున వందలాది పత్రాలు వచ్చాయి. ముందే ఒక జన్యువును అనుమానించి, యాభై, వంద మంది రోగుల్లో దాన్ని పరీక్షించి, తేడా కనిపించగానే అచ్చువేయడం అప్పటి రివాజు. వాటిలో ఎక్కువ భాగం పెద్ద సంఖ్యల ముందు నిలవలేదు. ఆ దశాబ్దపు సాహిత్యాన్ని ఇప్పుడు చదివేవాళ్లు రోగుల సంఖ్య చూశాకే ఫలితం చూడటం మంచిది.

మలుపు 2007లో వచ్చింది. అనుమానాలన్నీ పక్కనపెట్టి, జన్యుపాఠం మొత్తం మీద లక్షల చోట్ల ఒకేసారి తేడాలు చూసే పద్ధతి అప్పటికి చవకైంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో మిరియం మోఫాట్, కుక్సన్ బృందం చిన్ననాడే ఉబ్బసం వచ్చిన 994 మందినీ, రాని 1,243 మందినీ పోల్చింది. 17వ క్రోమోజోమ్ పొడుగు భుజం మీద, 17క్యూ21 అని పిలిచే చోట, సంకేతం బలంగా వచ్చింది. మళ్లీ చూసిన చాలాచోట్లా వచ్చింది. ఇంతకుముందు ఏ రోగనిరోధక శాస్త్రజ్ఞుడూ ఉబ్బసంతో జతచేసి చూడని చోటు అది.

చోటు తెలిసింది గాని, దోషి ఎవరో తెలియలేదు. ఆ భాగంలో జన్యువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, అక్కడి తేడాలు తరతరాలుగా గుంపుగానే సంక్రమిస్తాయి. దొంగ అడుగుజాడలు ఒక వీధి మొదలు దాకా వచ్చి ఆగిపోయినట్టు, ఏ ఇంట్లో దూరాడో తేల్చడానికి ఏళ్లు పట్టింది. మొదట వేలు చూపింది ఓఆర్ఎండీఎల్3 వైపు. కణంలో కొన్ని రకాల కొవ్వు పదార్థాల తయారీని అదుపు చేసే జన్యువు అది. ఈ చోట ఉబ్బసం ముప్పు పెంచే జన్యు రూపం ఉన్నవాళ్లలో అది ఎక్కువగా పనిచేస్తోంది. తర్వాత పక్కింటి గాస్డర్మిన్-బి మీద అనుమానం బలపడింది. గాస్డర్మిన్ జాతి ప్రోటీన్లు కణపు పొరలో రంధ్రాలు పొడిచి, ఆ కణాన్ని పేల్చి చంపగలవు. వైరస్ సోకిన కణాన్ని అలా వదిలించుకోవడం శరీరానికి లాభమే. అయితే శ్వాసనాళపు లోపలి పొరలో ఇది మోతాదు మించితే మంట పుడుతుంది. కొందరిలో ఈ ప్రోటీన్‌లోని ఒక ముక్క ఊడిపోయే జన్యుభేదం ఉంటుంది. వాళ్లలో గాస్డర్మిన్-బికి కణాన్ని చంపే శక్తి పోతుంది, ఉబ్బసం ముప్పూ తగ్గుతుంది. నాకు మాత్రం ఈ రెండో కథే ఎక్కువ నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. అలాగని ఓఆర్ఎండీఎల్3ను నిర్దోషిగా వదిలేయడానికీ లేదు, ఇద్దరికీ వాటా ఉండొచ్చు.

ఈ ముప్పు రూపం అరుదైనదేమీ కాదు. యూరప్ మూలాలవాళ్లలో దాదాపు ప్రతి రెండో క్రోమోజోమ్ మీదా ఉంటుంది. మరి వాళ్లందరికీ ఉబ్బసం ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు దొరికిన జవాబులే ఉబ్బసం జన్యుశాస్త్రంలో అన్నిటికన్నా విలువైనవని నా అభిప్రాయం.

2008లో ఫ్రెంచి కుటుంబాల అధ్యయనం ఒకటి, ఈ చోటి ప్రభావం నాలుగేళ్ల లోపు ఉబ్బసం వచ్చినవాళ్లలోనే గట్టిగా ఉందనీ, పసితనంలో ఇంట్లో సిగరెట్ పొగ పీల్చినవాళ్లలో ఇంకా ఎక్కువనీ చూపింది. 2013లో అమెరికా విస్కాన్సిన్‌లోనూ, డెన్మార్క్ కోపెన్‌హాగన్‌లోనూ పుట్టుక నుంచీ వెంటాడి గమనించిన పిల్లల లెక్కలు కలిపి చూశారు. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ సోకి, దానితో పిల్లికూతలు వచ్చిన పసివాళ్లలోనే 17క్యూ21 ముప్పు రూపం ఉబ్బసానికి దారితీసింది. ఆ వైరస్‌తో అలా బాధపడని పిల్లల్లో అదే రూపం ఉన్నా పెద్ద తేడా లేదు. పసిపిల్లల ఛాతీని పట్టేసే ఇంకో వైరస్ ఆర్‌ఎస్‌వి విషయంలో ఈ బంధం కనిపించలేదు. 2016లో ఆస్ట్రియా, ఫిన్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లండ్ పల్లెల్లో పెరుగుతున్న పిల్లల అధ్యయనం మరీ తికమక పెట్టింది. ముప్పు రూపం ఉన్న పిల్లలే పశువుల కొట్టంలో తిరిగితే పిల్లికూతల నుంచి ఎక్కువ రక్షణ పొందారు. ముప్పు అని పేరు పెట్టుకున్న రూపమే పేడ వాసన తగిలేసరికి కాపలాదారు అయింది.

అంటే ఇది జబ్బు జన్యువు కాదు. బయటి గాలికి శ్వాసనాళం ఎంత గట్టిగా స్పందించాలో నిర్ణయించే జన్యువు. గాలిలో ఏముందన్నది దాని చేతిలో లేదు.

ఇలా చూస్తే 2007 తర్వాత దొరికిన మిగతా జన్యువులూ ఒక వరుసలోకి వస్తాయి. 2010లో యూరప్ దేశాల కూటమి గాబ్రియేల్ 10,365 మంది రోగులతో, 2018లో ఇంకో అంతర్జాతీయ కూటమి వేర్వేరు జాతుల నుంచి 23,948 మంది రోగులతో, 1,18,538 మంది ఇతరులతో లెక్క చూశాయి. మళ్లీ మళ్లీ తేలిన పేర్లలో ఐఎల్-33, దాని సంకేతాన్ని అందుకునే గ్రాహకం, టీఎస్‌ఎల్‌పీ ముందుంటాయి. వీటిలో ఐఎల్-33, టీఎస్‌ఎల్‌పీ రక్తంలో తిరిగే రక్షక కణాల సొంత సంకేతాలు కావు. ప్రధానంగా శ్వాసనాళపు లోపలి పొర గాయపడినప్పుడు అది పంపే ఆపద సంకేతాలు. గాబ్రియేల్ లెక్కల్లో ఇంకో ఆశ్చర్యం ఉంది. ఎలర్జీకి గుర్తుగా భావించే ఐజీఈ స్థాయిలను నిర్ణయించే జన్యువులకూ, ఉబ్బసం జన్యువులకూ మధ్య అతివ్యాప్తి చాలా తక్కువ. అరవై, డెబ్బై ఏళ్లుగా ఎలర్జీ ముందు, ఉబ్బసం తర్వాత అని పాఠాల్లో చెప్పుకొచ్చిన క్రమాన్ని ఇది కదిలించింది. పొర బలహీనత ముందు, ఎలర్జీ దాని పర్యవసానాల్లో ఒకటి కావొచ్చు.

చర్మం నుంచి వచ్చిన సాక్ష్యమూ ఇదే చెబుతుంది. 2006లో స్కాట్లండ్ డండీ నగరంలో ఇర్విన్ మెక్‌లీన్ బృందం ఫిలాగ్రిన్ అనే చర్మపు ప్రోటీన్ జన్యువులో రెండు లోపాలను పట్టుకుంది. యూరప్‌లో సుమారు పదిమందిలో ఒకరికి ఆ లోపం ఉంటుంది. వాళ్లలో పసితనంలో గజ్జి తామరలాంటి చర్మపు మంట రావడం, ఆ తర్వాత దానికి తోడు ఉబ్బసం రావడం ఎక్కువ. వింతేమిటంటే ఊపిరితిత్తుల్లో ఫిలాగ్రిన్ పని దాదాపు లేదు. చర్మం బీటల్లోంచి చొరబడిన దుమ్ము, ఆహారపు కణాలే శరీరానికి ఎలర్జీ నేర్పితే, అదే ఆ తర్వాత ఛాతీలో బయటపడుతుందని అనుమానం. 2014లో కోపెన్‌హాగన్ బృందం, రెండు నుంచి ఆరేళ్ల వయసులో పదేపదే ఆస్పత్రి పాలయ్యే పిల్లల్లో సీడీహెచ్ఆర్3 అనే జన్యువును పట్టుకుంది. మరుసటి ఏడాదే ఆ ప్రోటీన్ రైనోవైరస్‌లో సి రకానికి తలుపులాంటిదని తేలింది. ఒక్క అక్షరం తేడాతో ఆ తలుపులు కణం మీద ఎక్కువగా తయారవుతాయి.

వ్యతిరేక దిశలో దొరికిన సాక్ష్యం ఇంకా గట్టిది. ఐస్‌లాండ్‌లో జరిగిన ఒక అధ్యయనం 2017లో ఐఎల్-33 జన్యువును చెడగొట్టే అరుదైన భేదాన్ని పట్టుకుంది. అది ఉన్నవాళ్లలో రక్తంలో ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు తక్కువ, ఉబ్బసం ముప్పు దాదాపు సగం. పుట్టుక నుంచి ఒక జన్యువు సగం పనిచేసినా మనుషులు మామూలుగానే బతుకుతూ, పైగా ఉబ్బసం నుంచి తప్పించుకుంటున్నారంటే, ఆ సంకేతాన్ని మందుతో అడ్డుకోవడం బహుశా ప్రమాదకరం కాదన్నమాట. మందుల కంపెనీలు ఇలాంటి వాటి కోసమే కాచుకుని ఉంటాయి. టీఎస్‌ఎల్‌పీని అడ్డుకునే టెజెపెలుమాబ్ ఇంజెక్షన్‌కు 2021 డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ తీవ్ర ఉబ్బసానికి అనుమతి ఇచ్చింది. అది జన్యుశాస్త్రం పుట్టించిన మందు అని చెప్పడం అతిశయోక్తి. టీఎస్‌ఎల్‌పీని ప్రయోగశాలల్లో అంతకు చాలా ముందే గుర్తించారు. జన్యు సాక్ష్యం అది సరైన దారేనని ధీమా ఇచ్చింది, అంతే.

పిల్లల ఉబ్బసం, పెద్దయ్యాక వచ్చే ఉబ్బసం ఒకే జబ్బా అన్న పాత వాదాన్నీ జన్యువులు కొంత తేల్చాయి. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ వివరాలతో 2019లో వచ్చిన ఒక విశ్లేషణలో మొత్తం 61 జన్యు స్థానాలు తేలితే, వాటిలో 23 పిల్లల ఉబ్బసానివే, 37 రెండిటికీ ఉమ్మడి, పెద్దల్లో మాత్రమే కనిపించింది ఒక్కటే. చిన్ననాటి ఉబ్బసపు జన్యువులు చర్మంలో ఎక్కువగా పనిచేస్తున్నట్టు కూడా చూశారు. నలభై ఏళ్లకు కొత్తగా ఆయాసం మొదలైన మనిషి విషయంలో జన్యువుల వాటా పిల్లల్లో కంటే తక్కువ. అతన్ని తాత జబ్బు గురించి అడగడం కన్నా అతను ఏ ఫ్యాక్టరీలో, ఏ మిల్లులో పనిచేస్తున్నాడో అడగడం ఉపయోగం.

పిల్లల్లో వచ్చే ఉబ్బసం చాలామందికి పదిహేను, పదహారేళ్లు వచ్చేసరికి తగ్గుముఖం పడుతుంది, మగపిల్లల్లో మరీ. ఆ వయసులో ఏ వైద్యం నడుస్తుంటే ఘనత దానికి పోతుంది. మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికి చేపమందుగా కొర్రమీను పిల్లను మింగించడానికి వరుసల్లో నిలబెట్టే పిల్లల్లో ఎందరు వరుసగా మూడేళ్లు వచ్చి నయమైందని చెబుతారో, వాళ్లలో ఎందరు రాకపోయినా నయమయ్యేవారో వేరుచేసే పరీక్ష ఏదీ అక్కడ జరగడం లేదు. మందు ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పక్కపక్కన పెట్టి చూడనంతకాలం ఏ వైద్యం గురించైనా ఇదే మాట చెప్పాలి, అల్లోపతితో సహా.

జన్యువులు దాదాపు ఒకటే, గాలి మాత్రం వేరు అనగలిగే సందర్భం ప్రకృతిలో అరుదుగా దొరుకుతుంది. అమెరికాలోని ఆమిష్, హటరైట్ అనే రెండు క్రైస్తవ వర్గాలు అలాంటి సందర్భం. యూరప్‌లోని ఆల్ప్స్ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన ఈ రెండు వర్గాలకూ మూలాలు, తిండి, కుటుంబ పరిమాణం, టీకాలు, సిగరెట్ లేకపోవడం దాదాపు ఒకటే. ఆమిష్‌లు ఇండియానాలో గుర్రాలతో దున్నుకుంటూ, ఇంటి పక్కనే పశువుల కొట్టంతో బతుకుతారు. దక్షిణ డకోటాలోని హటరైట్లది యంత్రాల సేద్యం, పశువులు ఇళ్లకు దూరంగా పెద్ద షెడ్లలో. 2016లో కరోల్ ఓబర్, ఎరికా ఫాన్ మూటియస్ బృందం వెల్లడించిన ప్రకారం ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం సుమారు 5 శాతం, హటరైట్ పిల్లల్లో 21 శాతం. ఆమిష్ ఇళ్ల దుమ్ములో బ్యాక్టీరియా తాలూకు ఎండోటాక్సిన్ దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. ఆ దుమ్మును ఎలుకల ముక్కుల్లో వేస్తే వాటికి ఉబ్బసం రాకుండా ఆగింది. హటరైట్ ఇళ్ల దుమ్ము ఆ పని చేయలేదు. రక్త పరీక్షలు జరిగింది వర్గానికి 30 మంది పిల్లలకే అన్నది నిజమే, అయినా ఇంత శుభ్రంగా జన్యువులనూ పర్యావరణాన్నీ విడదీసిన అధ్యయనం ఉబ్బసంలో ఇంకొకటి చెప్పడం కష్టం. ఇదే ఫాన్ మూటియస్ అంతకుముందు, బెర్లిన్ గోడ కూలిన కొత్తల్లో, బొగ్గు పొగ నిండిన లైప్జిగ్ కంటే సంపన్న మ్యూనిక్‌లోనే పిల్లల ఉబ్బసం ఎక్కువని చూపి అందరినీ ఆశ్చర్యపరిచారు. రెండు వైపులా ఉన్నది ఒకే జర్మన్ జనం.

అయితే పల్లె గాలి అంతా మంచిదేనని దీన్నుంచి అనుకుంటే పొరపాటు. పొగకు వేరే లెక్క ఉంది. శరీరంలోకి వచ్చిన విషపదార్థాలను శుభ్రం చేసే జీఎస్‌టీఎం1 జన్యువు యూరప్ జనాభాలో దాదాపు సగం మందికి మొత్తంగానే లేదు. లేనివాళ్లు మామూలుగా బతుకుతారు. కాని దక్షిణ కాలిఫోర్నియా పిల్లల అధ్యయనంలో, ఆ జన్యువు లేక, కడుపులో ఉండగా తల్లి సిగరెట్ తాగిన పిల్లల్లో ఉబ్బసం ముప్పు పెరిగినట్టు 2002లో తేలింది. కట్టెల పొయ్యి, దోమల చుట్ట, పక్కింటి చెత్త మంట పొగల మధ్య పుట్టే మన పిల్లలకు ఈ ప్రశ్న సిగరెట్ కంటే దగ్గరిది.

ఇక్కడికి వచ్చేసరికి మన సంగతి తప్పదు. ప్రపంచ ఉబ్బస రోగుల్లో సుమారు 13 శాతం భారతదేశంలో ఉంటే, ఉబ్బసం మరణాల్లో మన వాటా 40 శాతానికి పైన. 12 కేంద్రాల్లో 1,69,575 మంది పెద్దలను ప్రశ్నించిన అఖిల భారత సర్వే 2012లో ఉబ్బసం 2.05 శాతం అని తేల్చింది. అంటే జబ్బు శాతం పాశ్చాత్య దేశాలకంటే తక్కువ, చావులు ఎక్కువ. ఈ తేడా జన్యువులది కాదు. ఇన్హేలర్ పెట్టుకుంటే అలవాటైపోతుందన్న భయానిది, డబ్బు లేక మానేసిన మందుది, ఆయాసం తగ్గగానే ఆపేసిన స్టెరాయిడ్ పీల్పుది. జన్యువుల గురించి ఇంత రాస్తున్న వ్యాసంలోనే ఈ మాట చెప్పడం అవసరం.

అలాగని మన జన్యువులను వదిలేయడానికీ లేదు. పైన చెప్పిన అధ్యయనాల్లో అత్యధిక భాగం యూరప్ మూలాలవాళ్ల మీదే జరిగింది. అలా చూస్తే ఏం కనపడకుండా పోతుందో 2011లో అమెరికాలోని ఈవ్ కూటమి చూపింది. ఆఫ్రికా మూలాలవాళ్లలో మాత్రమే కనిపించే పీహిన్1 జన్యు సంకేతం అంతకుముందు ఎవరి కళ్లా పడలేదు. యూరప్ ఫిలాగ్రిన్ లోపాలు ఆసియాలో అరుదు, ఇక్కడి లోపాలు వేరు. ఢిల్లీలోని జీనోమిక్స్ సంస్థ ఐజీఐబీలో బలరామ్ ఘోష్ బృందం భారతీయ రోగుల్లో అనేక జన్యువులను పరిశీలించింది. కాని యూరప్ కూటముల స్థాయి సంఖ్యలకు అవి చేరలేదు.

మనకున్న ప్రత్యేకత ఏమిటంటే వేల ఏళ్లుగా కులంలోనే పెళ్లిళ్లు. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ కలిసి 2009లో మొదలుపెట్టిన పని 2017కి ఒక పెద్ద ఫలితానికి వచ్చింది. పరిశీలించిన 263 సమూహాల్లో 81 సమూహాలు ఫిన్లండ్ వాసుల కంటే, అష్కెనాజీ యూదుల కంటే ఎక్కువగా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించినవి. తెలుగునాట వైశ్యుల్లో, ఆపరేషన్ మత్తులో కండరాలు సడలించే మందును తట్టుకోలేకుండా చేసే ఒక ఎంజైమ్ లోపం ఎక్కువగా ఉండటానికి ఇదే మూలం. ట్రిస్టన్ డ కున్హాకు ఓడెక్కి వెళ్లినవాళ్లు వెతికినది ఇలాంటి జనాన్నే. అరుదైన, బలమైన భేదాలు, ఐస్‌లాండ్ ఐఎల్-33లాంటివి, బయటపడే అవకాశం ఇలాంటి సమూహాల్లో ఎక్కువ. పదివేల మంది జన్యుపాఠాలతో జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. అందులో ఉన్నవి జన్యుపాఠాలు. ఉబ్బసానికి కావలసింది వాటితో పాటు ఆ మనిషి ఏ పొయ్యి దగ్గర పెరిగాడు, పసితనంలో ఎన్నిసార్లు జలుబు ఛాతీకి దిగింది అన్న వివరాలు. అవి లేకుండా జన్యువులను మాత్రం లెక్కబెడితే, 17క్యూ21 ఎందుకు ఒక చోట శత్రువూ ఇంకో చోట మిత్రుడూ అయిందో మనకెప్పటికీ తెలియదు.

జన్యువును బట్టి మందు ఎంచుకోవడం అన్న ఆశ ఇంకో కథ. శ్వాసనాళాలను విప్పే సాల్బ్యుటమాల్ పనిచేసే గ్రాహకంలో 16వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉన్నవాళ్లకు ఆ మందు రోజూ వాడితే మేలు కన్నా కీడు జరగొచ్చని 2004లో ఒక అమెరికన్ పరీక్ష సూచించింది. అప్పట్లో మందు రాయడానికి ముందు జన్యు పరీక్ష తప్పనిసరి అవుతుందన్నారు. 2009లో, స్టెరాయిడ్ పీల్పుతో పాటు దీర్ఘకాలం పనిచేసే మందు ఇచ్చి చూస్తే, రెండు రకాల వాళ్లలోనూ ఫలితం ఇంచుమించు ఒకటే వచ్చింది. ఇప్పుడు మార్గదర్శకాలేవీ ఆ పరీక్షను అడగవు.

ఉమ్మి సీసాలో పట్టి పంపితే పిల్లవాడికి ఉబ్బసం వస్తుందో రాదో స్కోరు చెప్పే పరీక్షల ప్రకటనలు ఈ మధ్య కనిపిస్తున్నాయి. తెలిసిన జన్యుభేదాలన్నీ కూడి తయారుచేసే ఆ స్కోర్లు వేలమందిని రెండు గుంపులుగా పోల్చడానికి పనికొస్తాయి గాని, ఒక్క పిల్లవాడికి జాతకం చెప్పలేవు. పైగా వాటిని తయారుచేసింది యూరప్ లెక్కలతో, మనవాళ్ల మీద వాటి గురి ఇంకా తగ్గుతుంది. అమ్మకో నాన్నకో ఉబ్బసం ఉందా, పసివాడికి తామర ఉందా, జలుబు వచ్చినప్పుడల్లా పిల్లికూతలు వినిపిస్తున్నాయా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబు ఇవాళ్టికి ఆ స్కోరు కంటే ఎక్కువ చెబుతుంది, ఖర్చూ లేదు.